నోటుపుస్తకం పక్కన పెట్టుకొని సీరీ-ఎ సీజన్‌ను అనుసరించే విధానం

ఇటలీ అగ్రశ్రేణి ఫుట్‌బాల్ పోటీ అయిన సీరీ-ఎలో 20 జట్లు ఉంటాయి. ప్రతి జట్టూ మిగిలిన పంతొమ్మిదింటితో సొంత మైదానంలో ఒకసారి, ప్రత్యర్థి మైదానంలో ఒకసారి తలపడుతుంది కాబట్టి ఒక్కో జట్టుకు 38, మొత్తం మీద 380 మ్యాచ్‌లు జరుగుతాయి. ఆగస్టులో మొదలై మే నెలాఖరు దాకా సాగే ఈ పోటీని పాయింట్ల పట్టిక ఒక్కటే చూస్తూ అనుసరించేవారికి సగం కథే తెలుస్తుంది. మిగిలిన సగం కోసం సొంతంగా ఒక నోటుపుస్తకం పెట్టుకోవడం మంచిది.

మొదట ఒక పెద్ద కాగితంపై అడ్డంగా 20, నిలువుగా 20 గడులు గీసి, ఎడమవైపు ఆతిథ్య జట్ల పేర్లు, పైన అతిథి జట్ల పేర్లు ఒకే వరుసలో రాయండి. జట్టు తనతో తాను ఆడదు కనుక మూల నుంచి మూలకు పోయే 20 గడులను కొట్టివేస్తే సరిగ్గా 380 మిగులుతాయి. ప్రతి ఫలితాన్నీ గోల్స్‌తో సహా దాని గడిలో నింపుతూ పోవాలి. ఇంత శ్రమ ఎందుకంటే, ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో పాయింట్లు సమానమైతే ముందుగా సీజన్ మొత్తం గోల్ తేడాను (చేసిన గోల్స్‌లోంచి ప్రత్యర్థులకు ఇచ్చినవి తీసివేస్తే వచ్చేది) చూస్తారు; ఇటలీలో ముందుగా చూసేది ఆ జట్ల మధ్య జరిగిన మ్యాచ్‌లనే. వాటిలో వచ్చిన పాయింట్లు, తరువాత వాటిలోని గోల్ తేడా, అప్పటికీ తేలకపోతేనే సీజన్ గోల్ తేడా లెక్కకు వస్తాయి. అందువల్ల అక్టోబరులో 0-3తో ఓడవలసిన జట్టు చివరి నిమిషాల్లో ఒక గోల్ చేసి 1-3గా ముగిస్తే, ఆ గోల్‌కు మే నెలలో విలువ రావచ్చు. పాయింట్ల పట్టికలో ఇది కనిపించదు, మీ గడిలో కనిపిస్తుంది.

ఈ నియమానికి 2022-23 నుంచి ఒక మినహాయింపు ఉంది. మొదటి స్థానంలో రెండు జట్లు సమానంగా నిలిస్తే టైటిల్‌ను ప్లేఆఫ్, అంటే ఆ రెండు జట్ల మధ్య జరిగే అదనపు మ్యాచ్, తేలుస్తుంది. 90 నిమిషాల్లో ఫలితం రాకపోతే అదనపు సమయం లేకుండా నేరుగా పెనాల్టీ షూటౌట్‌కు వెళతారు. కింది శ్రేణికి దిగిపోకుండా నిలిచే చివరి స్థానమైన 17వ స్థానంలో సమానమైతే కూడా ప్లేఆఫే. ఆ మొదటి ఏడాదే స్పెజియా, వెరోనా చెరి 31 పాయింట్లతో ఆగిపోగా, రెజియో ఎమిలియాలో జరిగిన ప్లేఆఫ్‌లో వెరోనా 3-1తో గెలిచి నిలబడింది. టైటిల్ కోసం మాత్రం ఇటువంటి మ్యాచ్ ఒక్కసారే జరిగింది: 1964లో రోమ్ నగరంలో బొలోనియా 2-0తో ఇంటర్‌ను ఓడించింది.

పట్టిక పక్కన శిక్షగా పడే పాయింట్ల కోతల కోసం ఒక గడిని ఖాళీగా వదలండి. 2022-23లో యువెంటస్‌కు జనవరిలో 15 పాయింట్లు కోసి, ఏప్రిల్‌లో తిరిగి ఇచ్చి, మే నెలలో మళ్లీ 10 కోశారు. మైదానంలో 72 సంపాదించిన ఆ జట్టు చివరకు 62తో ఏడో స్థానంలో మిగిలింది. పెన్సిల్‌తో రాసుకొమ్మని నేను చెప్పేది ఇటువంటి ఏళ్ల కోసమే.

అడుగున ఉన్న మూడు జట్లు రెండో శ్రేణి అయిన సీరీ-బికి దిగిపోతాయి. సురక్షితంగా ఉండాలంటే 40 పాయింట్లు కావాలనే పాత మాటను పెద్దగా పట్టించుకోనక్కరలేదు. 2024-25లో లెచ్చే 34 పాయింట్లతోనే నిలిచింది, ఎంపోలి 31తో దిగిపోయింది. పాత సీజన్ల అంకెలతో పోల్చేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. విజయానికి మూడు పాయింట్లు ఇవ్వడం 1994-95లో మొదలైంది, అంతకు ముందు రెండే ఇచ్చేవారు కాబట్టి, 1989-90లో నాపోలి 51 పాయింట్లతో విజేత కావడం చూసి ఆ జట్టును తక్కువగా అంచనా వేయకూడదు.

ఐదో పసుపు కార్డుకు ఒక మ్యాచ్ నిషేధం ఉంటుంది కనుక, నాలుగు కార్డులున్న ఆటగాళ్ల పేర్లు పెద్ద మ్యాచ్‌లకు ముందు ఒక మూల రాసుకుంటే చాలు.

నోటుపుస్తకం అసలు అక్కరకు వచ్చేది చివరి రోజున. 2024-25లో 37 మ్యాచ్‌లు ముగిసేసరికి నాపోలికి 79, ఇంటర్‌కు 78 పాయింట్లు ఉన్నాయి. అటువంటప్పుడు నాపోలి గెలుపు, డ్రా, ఓటములను అడ్డంగా, ఇంటర్‌వి నిలువుగా వేసి తొమ్మిది గడుల చిన్న పట్టిక గీయండి. ఆరు గడుల్లో నాపోలి విజేత, రెండింటిలో ఇంటర్, నాపోలి ఓడి ఇంటర్ డ్రా చేసుకునే ఒక్క గడిలో ఇద్దరికీ 79 వచ్చి ప్లేఆఫ్. ఆ ఏడాది ఈ రెండు జట్ల మధ్య రెండు మ్యాచ్‌లూ 1-1గానే ముగిశాయి కనుక, పాత నియమమే ఉంటే ఆ గడిలో సీజన్ గోల్ తేడా దాకా వెళ్లవలసి వచ్చేది. 2025 మే 23న రెండు మ్యాచ్‌లూ ఒకే సమయానికి మొదలయ్యాయి. కోమో మైదానంలో ఇంటర్ 2-0తో గెలిచింది. నేపుల్స్‌లో కాల్యారీపై మెక్‌టోమినే, లుకాకు చేసిన గోల్స్‌తో నాపోలి కూడా 2-0తోనే గెలిచి, 82-81తో నాలుగో స్కుడెట్టో (సీరీ-ఎ టైటిల్) అందుకుంది. పట్టికలో అది ఎడమవైపు పై మూలన ఉన్న గడి.