వేసవిలో ఓజోన్ లెక్క చూసి నడక వేళ పెట్టుకోవడం ఎలా?

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడింటికి పిల్లల్ని క్రికెట్ కోచింగ్‌కి తోలేవాళ్లు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ కనిపిస్తారు. అడిగితే ఫోన్‌లో గాలి నాణ్యత సూచీ చూపించి "ఏక్యూఐ పచ్చగానే ఉందండీ" అంటారు. పైన ఆకాశం కూడా నీలంగా మెరుస్తుంటుంది కాబట్టి గాలికేం ఢోకా లేదని ధీమా. దుమ్ము, పొగ సంగతిలో ఆ ధీమా కొంతవరకు చెల్లుతుంది. ఓజోన్ అనే వాయువు సంగతిలో మాత్రం అంతా తలకిందులు. ఎండ ఎంత బాగా కాస్తే అది అంత ఎక్కువ తయారవుతుంది.

పైన ఎక్కడో ఉండి మనల్ని కాపాడే ఓజోన్ పొర సంగతి వేరు, దాన్ని ఇక్కడ కలపకండి. నేల మీది ఓజోన్ ఏ గొట్టంలోంచీ నేరుగా రాదు. బండ్ల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోలు, పెయింట్ల ఆవిర్లు ఎండలో ఉడికితే పుడుతుంది. 2021లో దీనివల్ల ప్రపంచంలో సుమారు 4 లక్షల 90 వేల మంది చనిపోయారని అంచనా. అందులో సగానికి దగ్గరగా మన దేశంలోనే. అదీ సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు మరణాలను మాత్రమే లెక్కగట్టి చెప్పిన మాట.

కావలసినవి: ఫోన్, సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) వాళ్ల సమీర్ యాప్, ఒక నోట్‌బుక్. స్క్రీన్‌షాట్లు పనికిరావు, చేత్తో రాసుకోవాల్సిందే.

ముందు యాప్‌లో మీకు దగ్గర్లోని గాలి కొలిచే కేంద్రాన్ని ఎంచుకోండి. హైదరాబాద్‌లో సనత్‌నగర్, జూ పార్క్, పటాన్‌చెరు ఇక్రిశాట్ లాంటివి ఉన్నాయి. ఒక్కటి చాలదు, రెండు చూడాలి. ఒకటి ఊరి నడుమ, ఒకటి శివారులో. ఎందుకంటే ట్రాఫిక్ మధ్య అప్పుడే వెలువడ్డ నైట్రిక్ ఆక్సైడ్ ఓజోన్‌ను తినేస్తుంది. గాలివాలున ఉన్న శివారుకు ఆ రక్షణ తక్కువ. ఊరి బయట విల్లా కొన్నాం, గాలికి దిగుల్లేదు అనుకునేవాళ్లు ఈ వాక్యం ఇంకోసారి చదవాలి.

తర్వాత పైన పెద్దగా కనిపించే రంగును వదిలేసి, కింద ఓజోన్ వరుసకు వెళ్లండి. ఏక్యూఐ అంటే ఏ కాలుష్యం సూచీ ఎక్కువుంటే దాని అంకె. సగటు కాదు. చాలా రోజులు ఆ అంకె పీఎం 2.5, పీఎం 10 అనే సన్నటి ధూళి కణాలది అవుతుంది, ఓజోన్ దాని వెనక దాక్కుంటుంది.

ఇప్పుడు అసలు చిక్కు. చాలామంది బోర్లాపడేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి.

యాప్‌లో కనిపించే ఓజోన్ అంకె ఈ నిమిషానిది కాదు, గడిచిన ఎనిమిది గంటల సగటు. ఉదయం పదకొండింటికి చూశారనుకోండి. ఆ సగటులో తెల్లవారుజాము మూడు, నాలుగు, అయిదు గంటల తక్కువ అంకెలన్నీ కలిసి ఉంటాయి. బయట ఓజోన్ నిచ్చెనెక్కుతున్నా తెర మీద అంకె ముద్దుగా ఉంటుంది. అది చూసి మధ్యాహ్నం పరుగుకు బయల్దేరతారు. రాత్రి ఎనిమిదింటికి చూస్తే దీనికి రివర్స్: గాలి తేలికపడుతున్నా, మధ్యాహ్నం తాలూకు భారం సగటులో ఇంకా మోస్తూనే ఉంటుంది.

అందుకని సగటుతో పని పెట్టుకోవద్దు. సీపీసీబీ వెబ్‌సైట్‌లో డేటా విభాగానికి వెళ్లి రాష్ట్రం, ఊరు, కేంద్రం, ఓజోన్ ఎంచుకుని, ఒక గంట లెక్కన నిన్నటి వివరాలు తెప్పించండి. ఎండ, గాలి నిన్నటిలాగే ఉంటే ఇవాళ్టి తీరు కూడా ఇంచుమించు అదే. మామూలుగా తెల్లవారుజామున అడుగంటుతుంది, మధ్యాహ్నం ఒంటి గంట, నాలుగు మధ్య శిఖరానికి చేరుతుంది, పొద్దువాలాక దిగుతుంది. రాత్రీ పగలూ గీత గీసినట్టు ఒకే అంకె చూపిస్తోందంటే ఆ యంత్రాన్ని నమ్మకండి, రెండో కేంద్రానికి వెళ్లండి.

కొలమానం కూడా చూసుకోవాలి. మన లెక్క ఘనపు మీటరుకు మైక్రోగ్రాముల్లో. ఎనిమిది గంటల సగటుకు పరిమితి 100, ఒక గంట సగటుకు 180. విదేశీ యాప్‌లు కొన్ని పీపీబీల్లో (వందకోట్ల పాళ్లలో ఎన్ని పాళ్లు అనే లెక్కలో) చూపిస్తాయి. ఒక పీపీబీ అంటే దాదాపు రెండు మైక్రోగ్రాములు. అక్కడ 55 చూసి "సగమే కదా" అనుకున్నారంటే, పరిమితి దాటేసినట్టే. ఇంకో మెలిక: మన ఏక్యూఐ సూచీ, మైక్రోగ్రాములు 100 దాకా ఒకటే అంకె. ఆపైన విడిపోతాయి. 168 మైక్రోగ్రాములకే సూచీ 200 చూపిస్తుంది.

వారం పాటు రాసుకుంటే మీ వీధి వేళలు మీకే తెలుస్తాయి. నడక, పరుగు, పిల్లల ఆట ఉదయం ఏడున్నరలోపు ముగించాలి. సాయంత్రం నడక వేసవిలో నాకు సమ్మతం కాదు. పరుగెత్తేవాళ్లు నిలబడ్డవాళ్లకంటే ఎన్నో రెట్లు గాలి పీలుస్తారు కాబట్టి మోతాదూ వాళ్లకే ఎక్కువ. గట్టిగా ఊపిరి తీస్తే ఛాతీ మధ్యలో మంట, పొడిదగ్గు వస్తే ఆగిపోండి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ జేబులో లేకుండా గేటు దాటకూడదు.

మధ్యాహ్నం కిటికీలు మూస్తే లోపల ఓజోన్ బాగా తగ్గుతుంది. కూలర్ మాత్రం బయటి గాలినే లోపలికి తోస్తుంది.

ఎన్95 మాస్కు కట్టుకుని మధ్యాహ్నం తిరిగేవాళ్లను చూస్తే జాలేస్తుంది. అది పట్టేది ధూళి కణాలను, వాయువును కాదు. అంతకన్నా ఘోరం, గాలిని "తాజా" చేస్తాయంటూ అమ్మే ఓజోన్ యంత్రాలు. జిరాక్స్ షాపులో మెషీన్ దగ్గర ముక్కుకు గుచ్చుకునే వాసన గుర్తుందా? డబ్బులిచ్చి దాన్నే పడకగదిలోకి తెచ్చుకుంటున్నారు.

నవంబర్ వచ్చాక ఈ టైంటేబుల్ పట్టుకుని వేలాడకండి. చలికాలం తెల్లవారుజామున పొగ, దుమ్ము నేలకు అంటుకుని ఉంటాయి. అప్పుడు చూడాల్సిన వరుస పీఎం 2.5, నడక తొమ్మిది దాటాక.