పాత మందుల్ల కొత్త పని దేవులాడుడు: క్రానిక్ ఫటీగ్‌కు జన్యువుల తొవ్వ

క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ (ఎంఈ) అంటే ఎంత పండుకున్నా తీరని, పని చేసినంక ముదిరే అలసట జబ్బు. దీనికి మన దేశంల ఆమోదం ఉన్న మందు ఒక్కటి లేదు. వేరే రోగాలకు వాడుతున్న గోలీలల్ల దీనికి పనికొచ్చేది దేవులాడుడే దగ్గరి తొవ్వని నా నమ్మకం. హన్మకొండల ఫార్మసీ పిల్లలకు పాఠాలు చెప్త. మా చెల్లెకు ఇదే జబ్బు. బతుకమ్మ కాడ కొద్దిసేపు ఆడినా తెల్లారి నుంచి మంచం దిగది.

ముందుగాల ఈ జబ్బుకు సంబంధమున్న జన్యువులను దేవులాడే డీకోడ్ఎంఈ అనే అధ్యయనం ఫలితాలు చదువుండ్రి. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయపు క్రిస్ పాంటింగ్ బృందం 2025 ఆగస్టుల బయటపెట్టింది. 15,579 మంది రోగుల డీఎన్ఏను రోగం లేని 2,59,909 మందితోని పోలిస్తే ఎనిమిది చోట్ల తేడా కనబడ్డది. చోటు దొరికితే జన్యువు దొరికినట్టు కాదు. ఊరు హసన్‌పర్తి అని తెలిసింది, ఇల్లు ఇంకా తెల్వదు. ఇల్లు పట్టనీకి జీటీఎక్స్ అనే డేటాబేస్ చూడాలె: ఆ తేడా ఉన్నోళ్లల్ల మెదడుల గాని రక్తంల గాని ఏ జన్యువు పని పెరిగింది, ఏది తగ్గింది అనేది అండ్ల ఉంటది.

పెరిగిందా, తగ్గిందా? క్లాసుల నేను మళ్ల మళ్ల అడిగేది ఇదే. పెరుగుడుతోని రోగం వస్తే అణిచే మందు గావాలె, తగ్గుడుతోని వస్తే లేపే మందు గావాలె. తలకిందులైతే రోగి ఇంకింత కుంగుతడు. కొవిడ్‌ల టిక్2 జన్యువు పని ఎక్కువున్నోళ్లకు రోగం ముదురుతదని 2020ల తేలింది. ఆ జన్యువు చేసే ఎంజైము కుటుంబాన్ని అణిచే బారిసిటినిబ్ అనే మందును అప్పటికే కీళ్లవాతానికి వాడుతున్నరు. 2022ల బ్రిటన్‌ల చేసిన రికవరీ అనే పెద్ద ట్రయల్ అది కొవిడ్ మరణాలను తగ్గిస్తదని చూపెట్టింది. మనకు గావాల్సిన నమూనా ఇది.

తర్వాత ఓపెన్ టార్గెట్స్, కెంబిల్ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లల్ల ఆ జన్యువు మీద పనిచేసే మందులు చూడుండ్రి. చానసార్లు ఏదీ ఉండదు. అప్పుడు దాని తొవ్వల ముందున్న, వెనకున్న ప్రొటీన్లకు పోవాలె, కాని సాక్ష్యం బలం తగ్గుతది. జన్యువు మెదడుల పనిచేసేదైతే ఆ మందు మెదడుకు చేరుతదా అనేది కూడ చూడాలె.

మనకు ఒక పెద్ద లోటున్నది. డీకోడ్ఎంఈ పోల్చింది యూరప్ మూలాలోళ్లను. మన సర్కారు ప్రాజెక్టు జీనోమ్ ఇండియా 10,000 మంది డీఎన్ఏ చదివింది, కాని వాళ్లంత ఆరోగ్యంగ ఉన్నోళ్లు. మన రోగుల డీఎన్ఏ సేకరించాలె. దానికన్న ముందు మన డాక్టర్లు ఈ జబ్బును గుర్తుపట్టి రాయాలె: థైరాయిడ్, రక్తహీనత, బీ12 చూసినంక, పని చేసినంక ముదిరే అలసట ఉన్నదా అని అడగాలె.

జాబితాల మందు మిగిలినా మెడికల్ షాపుకు ఉరకొద్దు. క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి వాడే రిటుక్సిమాబ్ ఈ జబ్బు మీద నార్వేల మొదటి అధ్యయనాలల్ల మస్తు ఆశ పెట్టింది. 151 మందితోని చేసిన పెద్ద ట్రయల్ ఫలితం 2019ల వచ్చేసరికి ఉత్తుత్తి మందుకన్న మెరుగేమీ లేదు. మీ మందుకు కూడ అసొంటి ట్రయల్ జరుగుతున్నదా అని మన దేశపు ట్రయల్స్ నమోదయ్యే సీటీఆర్ఐ వెబ్‌సైట్ల చూసి, ఉంటే డాక్టరుతోని మాట్లాడుండ్రి.