పాత బూట్లలో నాచు పూలు

బెంగళూరు అపార్టుమెంట్ల బాల్కనీల్లో కుండీలకు చోటు తక్కువ కనుక, పిల్లల కాళ్ళకు చాలకుండా పోయిన కాన్వాసు బూట్లనూ, రబ్బరు బూట్లనూ పారవేయకుండా పూలకుండీలుగా మార్చుకోవచ్చు. తోలు బూట్లు మాత్రం వద్దు, అవి తడికి బూజు పడతాయి.

అన్నిటికంటే ముఖ్యం నీరు దిగే దారి. మడమ కింద, బూటు ముక్కు దగ్గర డ్రిల్లుతో పెన్సిలు దూరేంత రంధ్రాలు నాలుగైదు చేయకపోతే, మే నుంచి అక్టోబరు దాకా పడే ఇక్కడి వానలకు లోపల నీరు నిలిచి వేర్లు కుళ్ళడమే కాక, దోమలు కూడా చేరతాయి. ఇరుకైన ముందుభాగంలో కొబ్బరి పీచు కూరి, ఆపైన ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మికంపోస్టు (వానపాముల ఎరువు) సమంగా కలిపి అంచుకు అంగుళం కిందివరకు నింపాలి.

వీటికి నాచు పూలే తగినవని నా అభిప్రాయం. చిన్న కొమ్మ తుంచి గుచ్చినా బతుకుతాయి, అయితే ఎండ తగిలితేనే విచ్చుకుంటాయి. బూటు ముక్కు మీద పిల్లల చేత ఆక్రిలిక్ రంగులతో కళ్ళూ మీసాలూ వేయిస్తే ఎంతో ముచ్చటగా ఉంటుంది. పాత లేసులు తడికి చీకిపోతాయి కనుక, బూట్లను నైలాన్ తాడుతో బాల్కనీ గ్రిల్లుకు లోపలివైపే కట్టాలి.