డాక్టర్ దగ్గరికి పోయే ముందు ఒక నోట్‌బుక్ కొనండి

మాది కాజీపేట. ఇంట్లోనే బట్టలు కుడతాను. మా చిన్నోడికి ఎనిమిదేళ్లప్పుడు, హోంవర్క్ పుస్తకం తియ్యమన్నందుకు నా కత్తెర తీసి గోడకేసి కొట్టాడు. గారాబం ఎక్కువైందని చుట్టాలన్నారు. మా అత్తమ్మ దిష్టి తీసింది. మొదట చూపించిన డాక్టర్ ఐదు నిమిషాల్లో "పెద్దయితే తగ్గుతుందమ్మా" అని పంపేశారు. "వీడికి కోపం ఎక్కువ సార్" అన్నది తప్ప నేనూ ఏమీ చెప్పలేకపోయాను.

రెండోసారి ఇంకో డాక్టరమ్మ దగ్గరికి నెల రోజులు రాసిన నోట్‌బుక్‌తో పోయాను. మీ పిల్లలకూ ఇట్లా కోపం ఎక్కువైతే, మీరూ అట్లనే చెయ్యండి.

రచ్చ జరిగిన ప్రతిసారీ తేదీ, టైమ్ వెయ్యండి. అంతకు ముందు ఏం జరిగింది, అరిచాడా, కొట్టాడా, వస్తువులు విసిరాడా, ఎంతసేపటికి చల్లబడ్డాడు, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడు, ఇవన్నీ రాయండి. క్లాస్ టీచర్‌ను, వాడితో ఆడుకునే పిల్లల అమ్మలను కూడా అడగండి. ఇంట్లో ఒక్కచోటే కోపమా, బడిలో, ఆటలో కూడానా అన్నది డాక్టర్‌కు చాలా అవసరం.

నేను మొదట రచ్చలే రాశాను. ఒకరోజు మావాడు ఆ నోట్‌బుక్ చూసి, "నేను మంచిగున్న రోజులు రాయలేదా అమ్మా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అప్పటి నుంచి రచ్చకూ రచ్చకూ మధ్య వాడెట్లున్నాడో కూడా రాశాను. డాక్టరమ్మ ఎక్కువసేపు చూసింది ఆ పేజీలే.

ఎందుకో ఆమే చెప్పారు. అమెరికా సైకియాట్రిస్టులు 2013లో తెచ్చిన డీఎస్ఎమ్-5 అనే మానసిక జబ్బుల పుస్తకంలో డీఎమ్‌డీడీ అనే జబ్బును, అంటే పిల్లల్లో ఎప్పుడూ ఉండే చిరాకు, పెద్ద రచ్చలను, కొత్తగా చేర్చారు. ఎందుకంటే ఎప్పుడూ చిరాకుగా ఉండే పిల్లలకు బైపోలార్ (ఉత్సాహం, దిగులు మితిమీరి వచ్చిపోయే జబ్బు) అని పేరు పెట్టడం అక్కడ బాగా పెరిగిపోయిందట. డీఎమ్‌డీడీ అనాలంటే వారానికి సగటున 3 సార్లు, అంతకు మించి పెద్ద రచ్చలుండాలి. మధ్య రోజుల్లో కూడా దాదాపు రోజంతా కస్సుబుస్సుమంటూనే ఉండాలి. ఇదంతా కనీసం 12 నెలలు సాగాలి, వరుసగా 3 నెలలు బాగున్న కాలం ఉండకూడదు. కనీసం రెండు చోట్ల కనబడాలి. పదేళ్లలోపే మొదలవ్వాలి. ఆరేళ్లలోపు పిల్లలకు ఆ పేరు పెట్టరు. బైపోలార్ అట్ల కాదు, విడతలు విడతలుగా వస్తుంది. కొన్ని రోజులు నిద్ర లేకున్నా అలసట ఉండదు, ఆగకుండా మాట్లాడతారు, తర్వాత మళ్లీ మామూలు. డిప్రెషన్ కూడా పిల్లల్లో ఏడుపుగా కాకుండా చిరాకుగా బయటపడొచ్చు.

మావాడి పేజీల్లో బతుకమ్మ, దసరా సెలవులన్నీ మంచి రోజులే. తంగేడు పూలు తెచ్చాడు, చెల్లెతో ఆడాడు, నవ్వాడు. రచ్చలన్నీ పుస్తకం తీసే వేళకే. డాక్టరమ్మ వాడితో ఒక పాఠం చదివించారు. గడగడా చెప్పాడు, కానీ వేలు వేరే లైను మీదుంది. విని బట్టీ పట్టాడు! పరీక్షలు చేయించాక డిస్‌లెక్సియా, అంటే చదవడంలో ఇబ్బంది, అని తేలింది. మూడేళ్లు చదవలేక చదివినట్లు నటించిన పిల్లాడిని నేను మొండోడని కొట్టాను.

మీ ఇంట్లో ఇదే కారణమని నేననను. చెవి సరిగ్గా వినపడకపోవచ్చు, ఏడీహెచ్‌డీ (నిలకడగా ఉండలేకపోవడం, ధ్యాస నిలవకపోవడం), ఆటిజం, భయం ఏదైనా కావచ్చు, డీఎమ్‌డీడీయే కావచ్చు. పేరు మీరు పెట్టకండి, అది డాక్టర్ పని. వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. వాడి ముందే "వీడు ఇట్ల చేస్తడు, అట్ల చేస్తడు" అని మొదలుపెట్టకండి, నోట్‌బుక్ డాక్టర్ చేతికివ్వండి.

ఒక్క విషయంలో మాత్రం నెల ఆగొద్దు. పిల్లలు చచ్చిపోతానన్నా, తమను తాము గాయపరచుకున్నా అదే రోజు తీసుకుపోండి. అర్ధరాత్రి అయినా టెలి-మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్ 14416కు ఫోన్ చెయ్యొచ్చు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు.