చిన్న ఆఫీసు నెట్‌వర్క్ – నాలుగవ పాఠం: 169.254తో మొదలయ్యే అడ్రసు

కంప్యూటర్ల కేబుళ్లన్నిటినీ ఒకచోట కలిపే పెట్టె అయిన స్విచ్ మీద, కేబుల్ పెట్టిన చోట వెలగవలసిన చిన్న దీపాన్ని ఎలా చూడాలో గత పాఠంలో నేర్చుకున్నాము. ఆ దీపం వెలుగుతూనే ఉండి నెట్ మాత్రం రాకపోతే ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఈ పాఠం.

చాలామంది వెంటనే, ఆఫీసును బయటి నెట్‌తో కలిపే పెట్టె అయిన రౌటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేస్తారు. దానితో ఒక్కోసారి నెట్ వచ్చినా, లోపమేమిటో తెలియదు కనుక అది మళ్లీ తలెత్తుతుంది. పైగా నెట్ సవ్యంగా వస్తున్నవారి పని కూడా ఆగిపోతుంది. అందరికీ నెట్ పోతే తప్ప రౌటర్ జోలికి పోకూడదని నా గట్టి అభిప్రాయం.

విండోస్ కంప్యూటరులో ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లీషు అక్షరాలలో ఖాళీ లేకుండా టైపు చేసి, ఎంటర్ నొక్కండి. ఐపీవీ4 అడ్రస్ అన్న వరుసలో 192.168.1.23 వంటి అంకె ఉంటే, అది రౌటర్ ఈ కంప్యూటరుకు ఇచ్చిన అడ్రసు, అంటే నెట్‌వర్క్‌లో దాని గుర్తింపు అంకె అన్నమాట. అది 169.254తో మొదలైతే, కంప్యూటరు అడ్రసు కోసం అడిగినా ఎవరూ బదులివ్వనందున, తనంతట తానే ఒకటి పెట్టుకున్నదని అర్థం. ఆ అడ్రసుతో బయటి నెట్‌కు వెళ్లడం కుదరదు.

ఇప్పుడు ఆ అంకె ఎన్ని కంప్యూటర్లలో కనబడుతున్నదో చూడాలి. ఒక్కదానిలోనే ఉంటే ముందుగా దాని కేబుల్‌ను, అన్నిటిలో ఉంటే రౌటర్‌ను అనుమానించాలి. కొన్నిటిలోనే ఉంటే, అవన్నీ ఒకే స్విచ్‌కు చేరుతున్నాయా అని చూడాలి.

కర్నూలులో ఒక ఉల్లిగడ్డల మండీ ఆఫీసులో నాకు ఎదురైనది ఈ మూడవ రకమే. ముందు గదిలోని రెండు కంప్యూటర్లలోనూ 169.254 ఉన్నది, వెనుక గదిలోనివి బాగానే ఉన్నాయి. రెండు కంప్యూటర్ల దీపాలూ వెలుగుతున్నాయి కానీ, ముందు గది స్విచ్ నుండి వెనుక గదిలోని రౌటర్‌కు వెళ్లే కేబుల్ దగ్గర మాత్రం దీపం లేదు. కొత్తగా పరిచిన కడప బండల సందులోంచి ఆ కేబుల్‌ను బయటికి లాగి చూస్తే, పైతొడుగు చిరగలేదు గానీ బండ అంచు కింద నలిగి చదునుగా అయింది. తొడుగు కోసి చూస్తే నారింజ జతలో ఒక తీగ తెగిపోయి ఉన్నది. కేబుల్ మార్చి, ఈసారి బండల కింద కాకుండా గోడ వెంట పైపులో వేయించాను.

కేబుల్ మార్చిన తరువాత ఐపీకాన్ఫిగ్ అని టైపు చేసి, ఒక ఖాళీ విడిచి, ఏటవాలు గీతతో రెన్యూ (/renew) అని కలిపితే కంప్యూటరు మళ్లీ అడ్రసు అడుగుతుంది. సరైన అడ్రసు వచ్చాక, డీఫాల్ట్ గేట్‌వే వరుసలోని అంకెకు, అంటే రౌటర్ అడ్రసుకు, పింగ్ చేయండి: పింగ్ (ping) అని టైపు చేసి, ఒక ఖాళీ విడిచి ఆ అంకె వేస్తే, అవతలి నుండి బదులు వస్తున్నదో లేదో తెలుస్తుంది. బదులు వస్తే, బయటి నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్ అడ్రసు 8.8.8.8కు కూడా చేయండి. రెండింటి నుండీ బదులు వస్తున్నా వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే, చూడవలసినది పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్ఎస్. అది ఐదవ పాఠం. అంతలోగా మీ ఆఫీసులో ఏ కేబుల్ ఏ స్విచ్‌కు వెళ్తున్నదో ఒక కాగితం మీద గీసి ఉంచుకోండి.