నెట్ పోతే ముందు లైట్లు చూడండి

ఇంట్లో నెట్ ఆగగానే అందరూ రౌటర్ ఆపి ఆన్ చేస్తారు. చేయండి, తప్పులేదు. కానీ ముందు దాని మీద లైట్లు చూడండి. ఫైబర్ కనెక్షన్‌లో ఎల్ఓఎస్ (LOS, సిగ్నల్ పోయిందని చెప్పే లైటు) అన్న చోట ఎర్రగా వెలుగుతోందంటే బయటి నుంచి సిగ్నలే రావట్లేదు. సెట్టింగులు ఎన్ని మార్చినా దండగే. వెనకున్న సన్నటి పసుపు వైరు బీరువాకీ గోడకీ మధ్య నలిగిందేమో చూడండి. లోపలిది గాజు పోగు, గట్టిగా మడత పడితే కాంతి దాటదు. వైరు బాగానే ఉంటే ఇక కంప్లైంట్ ఇవ్వడమే. ఆ వైరు ఊడదీసి కొనలోకి తొంగి చూడొద్దు, అందులో లేజర్ కంటికి కనపడదు గానీ కంటికి మంచిది కాదు.

ఎర్ర లైటు లేకపోయినా వైఫై మాటిమాటికీ తెగుతోందా? అపార్టుమెంట్లలో మామూలే. వైఫై నడిచే రెండు బ్యాండ్లలో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఇరుగుపొరుగు రౌటర్లన్నీ ఒకదానికొకటి అడ్డం. రౌటర్ సెట్టింగుల్లో ఛానెల్‌ను (బ్యాండ్‌లో ఒక భాగం) 1, 6, 11లో రద్దీ తక్కువున్నదానికి మార్చండి. టీవీ రౌటర్ ఉన్న గదిలోనే ఉంటే రెండో బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్‌కి కలపండి.

రౌటర్ దానంతటదే ఆగి మొదలవుతుంటే మాత్రం నా అనుమానం దానికి కరెంటు ఇచ్చే అడాప్టర్ మీదే. మారిస్తే, కొత్తదానికి వోల్టేజీ పాతదెంతో అంతే ఉండాలి, ఆంపియర్లు తగ్గకూడదు.