పది నిమిషాల నడకతో మొదలు

వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థాయి వ్యాయామం అవసరమన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనను చదివిన ప్రతిసారీ, రేపటి నుంచి గంటసేపు నడవాలని నిశ్చయించుకోవడం, మూడోనాటికే మానేయడం నాకు ఏళ్ల తరబడి పరిపాటి. ఉత్సాహం కోసం ఎదురుచూడటమే పొరపాటని ఆలస్యంగా గ్రహించి, ఉదయం కాఫీ గ్లాసు కింద పెట్టగానే వీధి చివరి వరకు పది నిమిషాలు నడిచి రావడం మాత్రమే నియమంగా పెట్టుకున్నాను. బూట్లను రాత్రే గుమ్మం దగ్గర ఉంచేవాణ్ణి. వాటిని వెతుక్కునే రెండు నిమిషాలలోనే బద్ధకం గెలుస్తుందని నాకు అనుభవమే. మనసొప్పని రోజున ఐదు నిమిషాలకే తిరిగి వచ్చినా, గోడ మీది క్యాలెండరులో ఆ తేదీకి సున్నా చుట్టేవాణ్ణి. వానాకాలంలో వరండాలోనే అటూ ఇటూ తిరిగాను (పొరుగువారు నవ్వారు, అది వేరే సంగతి). నాలుగో నెలకు నడక అరగంటకు చేరడంతో, వారంలో ఐదు రోజులకే ఆ 150 నిమిషాలూ పూర్తవుతున్నాయి. ఆదివారం మాత్రం ఇప్పటికీ బద్ధకానిదే పైచేయి.